లాభం పెరిగింది, షేరు పడింది

2023 ఏప్రిల్ 17, సోమవారం. ఒడిశాలోని బరంపురంలో మా పక్కింటి మాస్టారు ఫోన్ పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. "లాభం వచ్చిందనే కదా బాబూ పేపర్లో రాశారు, మరి రేటెందుకిలా పడిపోయింది?" స్క్రీన్ మీద ఇన్ఫోసిస్ ఎర్రగా ఉంది. మార్కెట్ మూసేసరికి 9 శాతం పైనే పోయింది.

ఆయన సందేహంలో తప్పు లేదు. మార్చితో ముగిసిన మూడు నెలల్లో కంపెనీకి 6,128 కోట్ల లాభం వచ్చింది. ఏడాది కిందటికంటే 7.8 శాతం ఎక్కువే. దెబ్బ కొట్టింది వేరే అంకె. రూపాయి, డాలరు మారకపు రేట్ల తేడాలు తీసేసి చూస్తే, ఆ మార్చితో ముగిసిన ఏడాదిలో ఆదాయం 15.4 శాతం పెరిగింది; వచ్చే ఏడాది 4 నుంచి 7 శాతమే పెరుగుతుందని కంపెనీయే చెప్పింది. ఆ ఏడాది గడిచాక చూస్తే, అదే లెక్కన పెరిగింది 1.4 శాతమే.

మాస్టారికి కాగితం మీద లెక్క వేసి చూపించాను. షేరుకు 50 రూపాయల లాభం ఉందనుకుందాం. ఇంకా బాగా పెరుగుతుందన్న ఆశతో జనం దానికి 30 రెట్లు పెట్టి కొంటే ధర 1,500. మరుసటి ఏడాది లాభం 55 అయింది. కానీ ఇకపై ఆ వేగం ఉండదని తెలిసి 20 రెట్లే ఇస్తామన్నారు. ధర 1,100. లాభం 10 శాతం పెరిగినా, పెట్టిన సొమ్ములో పావు వంతుకు పైగా పోయింది. ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చూసి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

నా టెన్షన్ ఆ ఒక్క రోజు పతనం గురించి కాదు. మాస్టారి అబ్బాయి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వెళ్లి సాఫ్ట్‌వేర్‌లో చేరాడు. అతను పంపే డబ్బులో మిగిలింది ఈయన మళ్లీ ఐటీ షేర్లలోనే పెట్టారు, మనవాడి రంగం కదా అన్న నమ్మకంతో. బరంపురంలోనే కాదు, పర్లాకిమిడి, రాయగడ తెలుగు ఇళ్లలోనూ ఈ నమ్మకం చూశాను. మన ఐటీ కంపెనీలకు పని ఇచ్చే అమెరికా బ్యాంకులు ఖర్చు బిగిస్తే ముందు షేరు పడుతుంది, వెనకే నియామకాలు ఆగుతాయి. 2024 మార్చితో ముగిసిన ఏడాదిలో ఇన్ఫోసిస్ ఉద్యోగుల సంఖ్య 25,994 తగ్గింది. జీతానికి గండి పడినప్పుడు ఆదుకోవాల్సిన పొదుపు, సరిగ్గా అప్పుడే తరిగిపోయి ఉంటుంది.

ఐటీ షేర్లు కొనొద్దని నేననను. కానీ జీతం ఐటీ నుంచి వచ్చే ఇంట్లో పొదుపు వేరేచోట ఉండాలి. మాస్టారు పాతవి అమ్మలేదు, కొన్న రేటు రానీ అంటున్నారు. అబ్బాయి పంపే కొత్త డబ్బు మాత్రం పోస్టాఫీసులో వేస్తున్నారు.