విశాఖకి చలికాలపు టైర్లు: ఒక అత్యవసర విజ్ఞప్తి

నవంబరు నెల, రాత్రి తొమ్మిదిన్నర. పైన ఫ్యాను నాలుగులో తిరుగుతోంది, కింద నేను బనీనుతో కూచుని పెరుగన్నం తింటున్నాను. మా తోడల్లుడు ఎంవీపీ కాలనీ నుంచి ఫోన్ చేసి, ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగోలేదని చెప్పబోతున్నవాడిలా గొంతు తగ్గించి అడిగాడు: "అన్నయ్యా, వింటర్ టైర్లు నాలుగూ మార్చాలా, వెనక రెండూ మారిస్తే సరిపోతుందా?"

నవ్వొచ్చింది. కానీ తోడల్లుడి దగ్గర నవ్వడం ఎంత ఖరీదైన పనో పెళ్ళయినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ నవ్వు తెల్లారేసరికి అత్తారింటికి చేరుతుంది, సంక్రాంతికి నా వంతు అరిసెలు తగ్గుతాయి. అందుకని నవ్వు మింగేసి "ఆలోచించి చెప్తా" అన్నాను. అన్నందుకు ఆలోచించాను కూడా. రెండు వారాలు చదివాను, తెలిసినవాళ్లని అడిగాను, గాజువాకలో టైర్ల కొట్ల ముందు నిలబడి వాళ్ల చేత వింతగా చూపించుకున్నాను. చివరికి తేలిందేమిటంటే తప్పు మా తోడల్లుడిది కాదు, మంచు టైర్లు లేకుండా ఇన్నేళ్లు సిగ్గులేకుండా బతికేసిన విశాఖపట్నానిది.

ముందు కారు సంగతి. బీఎండబ్ల్యూ త్రీ సిరీస్, ఇద్దరి చేతులు మారి మావాడి చేతికొచ్చింది. ఇంజను ముందుంటుంది, బండిని తోసేది వెనక చక్రాలు. నిజానికి మన పాత అంబాసిడరూ అంతే, లారీ అంతే, జగదాంబ సెంటర్లో మీరెక్కే ఆటో కూడా అంతే. కాకపోతే వాటిని బండి అంటాం. బానెట్ మీద నీలం తెలుపు గుండ్రం బొమ్మ ఉంటే మాత్రం అది రియర్ వీల్ డ్రైవ్ అవుతుంది, ఆ మాట అనేటప్పుడు మనిషి కుర్చీలో కాస్త వెనక్కి వాలతాడు.

మంచు మీద ఇలాంటి కారుకి కష్టమే, ఇందులో వెటకారం లేదు. ముందు చక్రాలతో లాగే కారులో ఇంజను బరువు లాగే చక్రాల మీదే పడుతుంది కాబట్టి కాస్త పట్టు దొరుకుతుంది. వెనకనుంచి తోసేదానికి ఆ సాయం ఉండదు. జారే రోడ్డు మీద యాక్సిలరేటర్ కొంచెం గట్టిగా తొక్కితే చక్రం ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది, మలుపులో అయితే కారు వెనక భాగం పక్కకొచ్చి ముందు భాగాన్ని దాటిపోదామని చూస్తుంది. అందుకే చలిదేశాల్లో కొందరు డిక్కీలో ఇసక బస్తాలు వేసుకుంటారు, వెనక ఇరుసు మీద బరువు పడాలని. ఇక్కడ మనవాళ్ల ముందుచూపు గమనించండి. నర్సీపట్నంలో అత్తారింటికెళ్లి తిరిగొచ్చే ఏ అల్లుడి డిక్కీ అయినా తెరిచి చూడండి: బియ్యం బస్తా, కొబ్బరికాయల సంచి, దారిలో అనకాపల్లిలో ఎత్తించిన రెండు బెల్లం దిమ్మలు. మొత్తం బరువు వెనక ఇరుసు మీదే. మా అత్తగారు ఇరుసు అనే మాట ఎడ్లబండి దగ్గర తప్ప ఇంకెక్కడా విని ఉండరు, అయినా లెక్క తప్పలేదు.

ఇక రబ్బరు. మామూలు టైరు చలికి బిగుసుకుపోతుంది. టైర్లవాళ్లు గీసుకున్న గీత 7 డిగ్రీలు. అంతకంటే కిందికి దిగితే వేసవి టైరు గట్టిపడి రోడ్డుని పట్టుకోవడం తగ్గిస్తుంది. చలికాలపు టైరుని ఆ చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరుతో చేస్తారు, సిలికా బాగా కలుపుతారు, పైగా పైన ప్రతి దిమ్మ మీదా బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు వందలకొద్దీ పెడతారు, ఆ అంచులు మంచుని కొరికి పట్టుకుంటాయి. ఇదంతా అర్థం కాకపోతే మీ బాత్రూంలో కొబ్బరినూనె సీసా చూడండి. 24 డిగ్రీలు దాటి కిందికొస్తే అది గడ్డకడుతుంది, మన ఊళ్లో చలికాలం వచ్చిందని ముందుగా చెప్పేది ఆ సీసానే. కాబట్టి జర్మనీవాడి గీత 7 అయితే కావచ్చు, మన గీత 24. ఆ గీత దాటగానే నూనెతో పాటు ఊరూ గడ్డకడుతుంది: ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే పెద్దాయనలు మంకీ క్యాపుల్లోకి దూరిపోతారు, పిల్లలకి రెండేసి స్వెట్టర్లు పడతాయి, ఇంట్లో పొద్దుటి స్నానాలు మధ్యాహ్నానికి జరుగుతాయి. మనుషులకి ఇన్ని ఏర్పాట్లున్నప్పుడు టైర్లేం పాపం చేశాయి?

చట్టం కూడా లేదు, అది ఇంకా అన్యాయం. మావాడి పిన్నికొడుకు మాంట్రియల్‌లో ఉంటాడు. అక్కడ క్యూబెక్ రాష్ట్రంలో డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా చలికాలపు టైర్లు లేకుండా కారు రోడ్డెక్కితే జరిమానా. జర్మనీలో తేదీలు పెట్టలేదు గానీ రోడ్డు మీద మంచు ఉంటే ఆ టైర్లు ఉండి తీరాలి, జనం మాత్రం అక్టోబరు నుంచి ఈస్టర్ దాకా అని ఒక బండగుర్తు పెట్టుకున్నారు. ఫిన్లాండ్‌లో నోకియన్ వాళ్లు హక్కపెలిట్టా అనే మంచు టైరుని 1936 నుంచి చేస్తున్నారు (మా తోడల్లుడు ఆ పేరు పలికితే కొల్లేటికి వలసొచ్చే పిట్ట ఏదో గుర్తొస్తుంది). మనకీ ఒక గుర్తు ఉంది కదా, శివరాత్రికి చలి శివశివా అని పోతుందని. కాబట్టి నాగులచవితి నుంచి శివరాత్రి దాకా తప్పనిసరి చేసి, కైలాసగిరి ఎక్కే ప్రతి కారుకీ కింద టైర్లు తనిఖీ చేయాలని నా విజ్ఞప్తి. ఉద్యోగాలు కూడా వస్తాయి.

ఇంతకీ మంచెక్కడుంది అని మీరడగొచ్చు. మా తోడల్లుడి దగ్గర దానికి జవాబు ఉంది: లంబసింగి. చింతపల్లి మండలం, సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరిల్లో కొన్ని తెల్లవారుజాముల్లో సున్నా దాకా దిగిపోయే ఊరు, జనం పెట్టుకున్న పేరు ఆంధ్రా కాశ్మీర్. అక్కడ మంచు పడుతుందా అంటే ఎవరైనా పడుతుందనే అంటారు. అబద్ధం కాదు. చిక్కంతా మన భాషలో ఉంది. గడ్డి మీద నీటిబొట్టు మంచే, లోయ నిండా పరుచుకున్న తెల్లటి పొగ మంచే, ఆకు మీద ఉప్పు చల్లినట్టు పేరుకున్నదీ మంచే, హిమాలయాల మీద మోకాళ్లలోతు పడేదీ మంచే. నాలుగింటికీ ఒకే మాట పెట్టుకుని మనం శుభ్రంగా బతికేస్తున్నాం. వీటిలో నాలుగోదానికే ఆ టైరు కావాలి, లంబసింగిలో దొరికేవి మొదటి మూడూ. రెండోదానికి టైరెందుకు, లైట్లు చాలు. ఈ మాట మావాడికి చెప్తే "మంచు మంచే కదా అన్నయ్యా" అన్నాడు, ఆ వాక్యానికి వ్యాకరణంలో జవాబు లేదు.

కొనేటప్పుడు గుర్తు చూసుకోవాలి. టైరు పక్కన ఎం ప్లస్ ఎస్ అని ఉంటే మట్టికీ మంచుకీ పనికొస్తుందని కంపెనీ తనకు తాను చెప్పుకున్న మాట, దాని వెనక పరీక్ష ఉండనక్కర్లేదు. అసలు గుర్తు మూడు కొండలు, మధ్యలో మంచుపువ్వు. గట్టిపడిన మంచు మీద ఇంత పట్టు చూపించాలని పరీక్ష పెట్టి, నెగ్గినదానికే ఆ బొమ్మ వేస్తారు. మూడు కొండలు అనగానే మావాడి కళ్లు మెరిశాయి. పాత ఊళ్లో హార్బరు పక్కన రాస్ హిల్ మీద చర్చి, పక్క కొండ మీద దర్గా, ఆ పక్క కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి. "ఇది మన ఊరి బొమ్మే అన్నయ్యా!" మంచుపువ్వు సంగతి ఏమిట్రా అంటే, అది తర్వాత వస్తుందన్నాడు.

నాలుగా రెండా అన్న అసలు ప్రశ్నకి మాత్రం సూటి జవాబు ఉంది: నాలుగూ. తోసేది వెనక చక్రాలే కదా అని వాటికే వేయిస్తే కారు చక్కగా బయల్దేరుతుంది, ఆగడమూ తిరగడమూ ముందు చక్రాల పని కాబట్టి అవి జరగవు. పల్లకీ మోసేవాళ్లలో వెనకిద్దరికీ బూట్లు తొడిగి ముందిద్దరినీ వట్టికాళ్లతో బురదలో నడిపించినట్టు. ఇంకోటి, వెడల్పు. ఇలాంటి కార్లకి వెనక టైరు ముందుదానికంటే వెడల్పుగా ఉండటం ఒక షోకు. మంచులో సన్నటిదే నయం, అది కోసుకుని కిందికి దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. అందుకని చాలామంది 18 అంగుళాల చక్రం తీసేసి 17కి దిగి, నాలుగింటికీ ఒకే సైజు వేస్తారు. ఇక్కడ మావాడికి నిజంగా బాధ కలిగింది. చలికి చచ్చినా ఫర్వాలేదు గానీ వెనక టైరు సన్నబడితే ఎలా?

సరే, చలికాలం సంగతి అటుంచి ఇప్పుడున్న టైర్లు ఎలా ఉన్నాయో చూద్దామని ఒకరోజు వంగి చూశాను. పక్కన నాలుగు అంకెలు, 2217. అంటే 2017లో 22వ వారంలో పుట్టినవి. గాళ్ల మధ్య అడ్డంగా చిన్న కట్టలుంటాయి, టైరు అరిగి వాటి ఎత్తుకి వస్తే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం, ఇక మన చట్టం ప్రకారం కూడా అది టైరు కాదు. వెనక రెండూ ఆ కట్టలతో సమానంగా, చాకలిబండలా నున్నగా ఉన్నాయి. గాళ్లుండేది నీటిని పక్కకి తోయడానికి. అవి లేకపోతే వానలో వేగంగా వెళ్లే చక్రం రోడ్డుని వదిలేసి నీటి మీద తేలుతుంది. అక్టోబరు వానల్లో, హుద్‌హుద్ ఏ నెలలో వచ్చిందో ఇంకా మరిచిపోని ఊళ్లో, ఈ టైర్లతోనే మావాడు హనుమంతవాక దగ్గర వెనక చక్రాలు జారి డివైడర్‌ని ముద్దు పెట్టుకోబోయి తప్పించుకున్నాడు. నాకు ఫోన్ చేసి చెప్పిన మాట: "రియర్ వీల్ డ్రైవ్ ఫీల్ అంటే అదే అన్నయ్యా!"

వానకాలానికి మంచి టైర్లు కొనరా అని మర్యాదగానే అన్నాను. వాన అందరికీ పడుతుంది, అందులో ప్రత్యేకత ఏముంది అన్నాడు.

కొన్నాడు. ఎలా తెప్పించాడో అడగలేదు, అడిగితే నన్నూ తెప్పించుకోమంటాడు. నాలుగింటి ధర వింటే నా కారుకి సిగ్గేసింది. బిగించేదాకా వాటిని ఎండ, వేడి తగలకుండా చల్లగా చీకట్లో ఉంచాలట. అపార్టుమెంట్లో చల్లగా ఉండేది ఒకటే గది కాబట్టి పది రోజులు టైర్లు ఏసీలో, చూడ్డానికొచ్చిన మావయ్యగారు హాల్లో పడుకున్నారు.

సంక్రాంతికి నర్సీపట్నం చేరాం. హైవే మీద మధ్యాహ్నం ఎండకి ఆ మెత్తటి రబ్బరు జీళ్లపాకంలా సాగుతున్నట్టు నాకు పక్కసీట్లోనే తెలిసింది, బ్రేకు తొక్కితే కారు కాసేపు ఆలోచించుకుని ఆగుతోంది. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ముక్కనుమ నాడు తెల్లవారుజామున మూడున్నరకి లంబసింగికి బయల్దేరాం. మూడు డిగ్రీలకి దిగితే ఆ కారు టింగుమని హెచ్చరిస్తుందట, ఆ టింగు కోసం మావాడు రేడియో కూడా ఆపేశాడు. తెర మీద 14, 12, 11. ఘాట్ ఎక్కాక 9. "ఇంకో రెండు తగ్గితే మన టైర్లకి న్యాయం జరుగుతుంది" అంటూ స్టీరింగుకి దణ్ణం పెట్టుకున్నాడు. అంతలో ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు కనుచూపు మేర కార్లే, రోడ్డు పక్కన చలిమంటలు, మ్యాగీ, టీ, అందరూ రెండో రకం మంచుని ఫోన్లలో ఎక్కించుకుంటున్నారు. ప్రపంచంలోకెల్లా పట్టున్న టైర్లు గంటన్నర సేపు ఒక్క అడుగు కదల్లేదు. మా పక్కనుంచి ఒక పాత బస్సు, వెనక చక్రాలతోనే తోసుకుంటూ, ఎడమ పక్క మట్టిలోకి దిగి దర్జాగా దాటిపోయింది. తర్వాత ఎండొచ్చింది. 13, 16, 19.

దిగేటప్పుడు తాళ్లపాలెం దాటాక మేకు గుచ్చుకుంది. పంక్చరు కొట్టు కుర్రాడు చక్రం ఊడదీసి, టైరు మీద చేత్తో రాసి, గోరుతో ఆ సన్నటి చీలికల్ని ఒక్కొక్కటీ విప్పి చూసి, మావాడి వైపు జాలిగా తలెత్తాడు.

"ఏటి బాబూ ఇది, ఇంత పెద్ద బండికి ఇలాటి టైర్లేసినారు? నిండా సీలికలే. ఎండకి ఉడికిపోయి పగిలిపోనాయి. మార్సేయండి."

మా తోడల్లుడు ఏమీ మాట్లాడలేదు. ఊరుకుంటే బాగోదని నేనే అడిగాను: "నాలుగూ మార్చాలా, వెనక రెండూ మారిస్తే సరిపోతుందా?"