హార్మోన్ల డబ్బా గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ హార్మోన్ బూస్టర్ పొడి డబ్బా గారికి, నలభై దాటిన వినియోగదారుడు వ్రాయు విన్నపములు. ఉభయకుశలోపరి.

మీ ఒంటిమీది బొమ్మలో కుర్రాడికి పాతికేళ్లు మించవు. అతనికి మీతో పనేమిటో అర్థం కాలేదు గానీ, మీ వంశం మాత్రం గొప్పది. 1889లో బ్రౌన్-సెకార్డ్ అనే పేరుమోసిన శరీరశాస్త్రవేత్త, 72 ఏళ్ల వయసులో, కుక్కల వృషణాల రసాన్ని సూదితో ఎక్కించుకుని, సత్తువ తిరిగొచ్చిందని పారిస్‌లో పండితుల ముందు ప్రకటించాడు. నీళ్లతో తీసిన ఆ రసంలో హార్మోన్ ఉండీ లేనట్టేనని తర్వాత తేలింది. నమ్మకమే మందైంది. మీరు ఆయన వారసులే, కాకపోతే చాక్లెట్ రుచి చేరింది.

మీరు అమ్మేది ఒక అంకె: రక్తంలో హార్మోన్ ఎంత ఉందో చెప్పే అంకె. మగవాళ్లలో టెస్టోస్టెరాన్ నడివయసు నుంచి ఏటా సుమారు 1 శాతం చొప్పున తగ్గుతుంది. ఆడవాళ్ల హార్మోన్ ఈస్ట్రోజెన్‌కి ఆ మర్యాద తెలియదు. మెనోపాజ్ (ముట్లుడగడం) ముందు ఏళ్ల తరబడి ఎగిరెగిరి పడి, ఆనక కూలబడుతుంది. అందుకేగా మీ గులాబీరంగు చెల్లెలు పక్క అరలో వెలిసింది! (నిజంగా లోపం ఉన్నవాళ్లు వెళ్లాల్సింది డాక్టరు దగ్గరికి, మీ అర దగ్గరికి కాదు.)

అయితే మీ శత్రువు వ్యాయామం కూడా ఆ అంకెను పెద్దగా పెంచదు. జిమ్ వాళ్లు ఈ మాట గట్టిగా అనరు. బరువులెత్తగానే టెస్టోస్టెరాన్ కాస్త లేస్తుంది, గంట తిరిగేసరికి యథాస్థానం. పొట్ట బాగా కరిగిన మగవాళ్లలో కొంత పెరగొచ్చు, అంతే. ఎన్ని గుంజీళ్లు తీసినా అండాశయాలు మళ్లీ డ్యూటీలో చేరవు.

మరి ఈ చెమటెందుకు? ఉన్న హార్మోన్ మాటైనా ఒళ్లు వినడానికి. కదులుతున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం చూడకుండానే రక్తంలో చక్కెరను లాక్కుంటుంది. ఆ తర్వాత ఒకటి రెండు రోజులు ఇన్సులిన్ ఏం చెప్పినా ఇట్టే వింటుంది. మానేశారా, మళ్లీ పెడచెవి. ఈస్ట్రోజెన్ అండ పోయిన ఎముక కూడా, మీద భారం పడుతుంటేనే అరుగుదల నెమ్మదిస్తుంది. కూర్చున్న మనిషి కండ మాత్రం దశాబ్దం దశాబ్దానికీ చడీచప్పుడు లేకుండా తరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, రెండు రోజులు కండరాలకు పని అడుగుతుంది. మీరడిగేది రెండు చెంచాలు. పోటీలో గెలుపు మీదే, ఒప్పుకున్నాను.

చివరిగా చిన్న సందేహం. మీ వీపున, భూతద్దం పెడితే కనిపించేంత అక్షరాల్లో, ‘క్రమం తప్పని వ్యాయామంతో పాటు వాడవలెను’ అని ఉంది. ఫలితంలో వ్యాయామం వాటా ఎంతో, తమరి వాటా ఎంతో విడదీసి తెలుపగలరు. తమరి వాటా మేరకు మాత్రమే బిల్లు చెల్లిస్తాను.

ఇట్లు,
తమ విధేయుడు కాని,
ఒక నడివయస్కుడు