పక్కింటి ఉత్తరానికి మీ సంతకం వద్దు

పరాయి పేరుతో ఇంటికి కాగితం వస్తే నల్లగొండలోనైనా పాలమూరు (మహబూబ్‌నగర్)లోనైనా జరిగేది ఒకటే. టీవీ పక్కన పెడతాం, లేదంటే కిటికీ చువ్వల్లో చెక్కుతాం. పాత కిరాయిదారు ఎప్పుడో వచ్చి తీసుకుపోతాడులే అనుకుంటాం. పండగకు ఇల్లు సాఫు చేసినప్పుడు అది చెత్తబండి ఎక్కుతుంది. తపాలాలో క్షేమసమాచారాలే వచ్చిన కాలంలో దీంతో పెద్ద నష్టం ఉండేది కాదు. ఇప్పుడు వచ్చేవి ఏటీఎం కార్డు, పాన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, వకీలు నోటీసు.

ముందు చూడాల్సింది తప్పు ఎక్కడుందని. చిరునామా వేరే ఇంటిదైతే పోస్టుమాన్ పొరబడ్డట్టు. దాని మీద ఏమీ రాయకుండా అతని చేతికే ఇవ్వాలి. చిరునామా మనదై పేరు మాత్రం మనది కాకపోతేనే అసలు పని. కవరు ముందువైపు ఖాళీ జాగాలో ‘ఈ పేరుగలవారు ఈ ఇంట్లో లేరు’ అనో, ‘ఇల్లు ఖాళీ చేసి వెళ్లారు’ అనో రాసి తేదీ వేయాలి. రెండూ ఒకటి కావు. మొదటిది చూస్తే పంపినవాళ్లు తమ చిట్టాలో పేరు సరిచూసుకుంటారు, రెండోది చూస్తే కొత్త చిరునామా వెతుకుతారు. వెళ్లినవాళ్ల కొత్త ఇల్లు కచ్చితంగా తెలిస్తే పాత చిరునామాను ఒక్క గీతతో కొట్టి, కొత్తది పిన్‌కోడ్‌తో సహా పక్కన రాయవచ్చు. తెరవని ఉత్తరాన్ని వెంటనే తిరిగిస్తే మళ్లీ స్టాంపు అంటించే పని లేదు. బార్‌కోడ్ మీద మాత్రం పెన్ను పెట్టొద్దు. స్పీడ్ పోస్టు వాపసు పోయేది కూడా ఆ నంబరు మీదే.

చూసుకోకుండా చించేస్తే దాచిపెట్టొద్దు. అంటించి, ‘పొరపాటున తెరిచాం’ అని రాసి, సంతకం చేసి పోస్టాఫీసులో ఇవ్వండి. లోపలున్నది దురుద్దేశంతో సొంతం చేసుకుంటేనే భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ దాకా పోతుంది. ప్రైవేటు కొరియర్ కవరును ఎర్రడబ్బాలో వేయడం దండగ, అది తపాలా శాఖది కాదు. కవరు మీదున్న కంపెనీ నంబరుకే ఫోన్ చేయాలి. మీరు తెప్పించుకోని పార్శిల్‌కు డబ్బు కట్టొద్దు, ఓటీపీ చెప్పొద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, సంతకం ఒక ఎత్తు. ‘పక్కింటోళ్లేగా, నేనిస్తాలే’ అని సంతకం పెట్టి తీసుకునే మంచితనమే మన గల్లీల్లో అన్నిటికన్నా ఎక్కువ కొంప ముంచుతోంది. చెక్‌బౌన్స్ సంగతే చూడండి. చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో చెక్కు పుచ్చుకున్నవాళ్లు, ఇచ్చినవాడికి నోటీసు పంపాలి. అది అందిన 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు కోర్టుకెక్కవచ్చు. సరైన చిరునామాతో రిజిస్టర్ చేసి పంపిన ఉత్తరం అందినట్టే భావించాలని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. అందలేదని రుజువు చేసుకునే భారం పుచ్చుకోవాల్సినవాడి మీదే పడుతుంది. అందినట్టు చూపే కాగితం మీద మీ సంతకం ఉంటుంది, నోటీసు మీ అల్మారాలో ఉంటుంది, ఆ 15 రోజులు అతనికి తెలియకుండానే గడిచిపోతాయి. నోటీసు అందలేదనేవాళ్లు కోర్టు సమన్లు అందిన 15 రోజుల్లో డబ్బు కట్టి బయటపడవచ్చని 2007లో సుప్రీంకోర్టు వెసులుబాటిచ్చింది నిజమే. కానీ అప్పటికే కేసు నమోదై, మనిషి వకీలు చుట్టూ తిరుగుతుంటాడు. మీరు సంతకం పెట్టకపోతే కవరు ‘తాళం వేసి ఉంది’ అనో ‘వెళ్లిపోయారు’ అనో నిజం మోసుకుని వాపసు పోయేది.

ఊళ్లో ఒకరి కాగితం ఒకరు తీసిపెట్టకపోతే ఎట్లా, ముఖం మీదే కాదంటే బాగుంటుందా అంటారు. బాగుండదు. అందుకే ఫోన్ చేసి చెప్పండి, ‘ఫలానా చోటి నుంచి కవరు వచ్చింది, రేపు పోస్టాఫీసుకు పో’ అని. సాయం అంతవరకే. వాళ్లు ముందే చెప్పి ఒప్పించుకుంటే వేరే సంగతి.

అసలు ఇన్ని కాగితాలు తప్పు గడప ఎందుకు తొక్కుతున్నాయి? 2016 అక్టోబర్ 11న పాత నల్లగొండను మూడు జిల్లాలు చేశారు. పాలమూరు నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట కూడా. బోర్డులు మారాయి గానీ చిరునామాలు మారలేదు. ఇప్పటికీ ఆధార్‌లో ఒక జిల్లా, బ్యాంకు పుస్తకంలో ఇంకో జిల్లా. తపాలా మాత్రం పాత లెక్కనే నడుస్తోంది. సూర్యాపేట పిన్‌కోడ్ ఇంకా 508తోనే, గద్వాలది 509తోనే మొదలవుతుంది. కవరు దారి పట్టేది పిన్‌కోడ్‌తో. మొదటి మూడంకెలు ప్రాంతాన్ని, చివరి మూడు పోస్టాఫీసును చెబుతాయి. నల్లగొండ 508001, మహబూబ్‌నగర్ 509001. ఒక్క అంకె తేడాతో ఉత్తరం దేవరకొండ అవతలికి పోతుంది. మున్సిపాలిటీలో కలిసిన పల్లెల్లో పాత పంచాయతీ ఇంటి నంబర్లే నడుస్తున్నచోట ఒకే పట్టణంలో 3-45లు రెండో మూడో తేలతాయి. పోస్టుమాన్‌ను తిట్టేముందు ఇది ఆలోచించాలి.

దీనికి ఎక్కువ మూల్యం కట్టేది వలస కుటుంబాలే. ఆధార్ పాలమూరు ఊళ్లో ఉంటుంది, మనిషి పుణెలో మట్టి మోస్తుంటాడు, ఇంటికి తాళం. పాసుపుస్తకం ఎవరి చేతిలో పడిందో తెలియదు. 2025 మేలో తెచ్చిన డిజిపిన్‌తో ఈ కష్టం తీరుతుందని కొందరంటున్నారు. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో తోడ్పాటుతో తపాలా శాఖ చేయించిన పది అక్షరాల గుర్తు అది. దాదాపు నాలుగు మీటర్ల గడిని చూపిస్తుంది. ఆ గడిలోని ఇంట్లో కింద ఎవరు, పైన కిరాయికి ఎవరు, తాళం వేసి పుణె పోయింది ఎవరు అన్నది మాత్రం చూపించదు. అది తెలిసింది పోస్టుమాన్‌కు, మీకు.