డబ్బా కరగకపోతే చాలా?

ప్లాస్టిక్ డబ్బా అడుగున ఉండే ‘మైక్రోవేవ్ సేఫ్’ ముద్రను చూసి నిశ్చింతగా ఉండేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ ముద్ర ముఖ్యంగా చెప్పేది డబ్బా వంకర పోదనే. దానిలోంచి కూరలోకి ఏమీ దిగదని కాదు.

మా కడపలో ఆదివారం వచ్చిందంటే సంగటి, నాటుకోడి పులుసు పార్సెళ్ల కోసం హోటళ్ల ముందు జనం. కుతకుతలాడే పులుసును నేరుగా పలచటి కవర్లో పోసి రబ్బరు బ్యాండు బిగిస్తారు. కాస్త పేరున్న హోటలైతే తెల్ల డబ్బా. ఇంటికొచ్చాక ఆ డబ్బానే ఓవెన్లోకి తోస్తాం. పారేయడానికి మనసొప్పక కడిగి దాచి, మళ్లీ అందులోనే వేడి చేస్తాం.

అలా నాలుగు వాడకాలు చూసిన డబ్బాను ఒకసారి వెలుతురులో పట్టుకోండి. పులుసు తేలినంత మేర ఎర్రటి గీత. సబ్బుకూ పోదు, నిమ్మచెక్కకూ పోదు. అక్కడ వేలితో తడిమితే గరుకుగా చిన్న చిన్న పొక్కులు. నూనె నీళ్లలాగా 100 డిగ్రీల దగ్గర ఆగదు, ఇంకా వేడెక్కి ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది. మిరపకారం రంగు నూనెలో కరిగేది కాబట్టి దానితో పాటే డబ్బా గోడలోకి ఇంకిపోతుంది. రంగు లోపలికి పోగలిగినప్పుడు ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు బయటికి రాలేవా? వస్తాయి, నూనె తేలే వంటల్లోకైతే మరీ సులువుగా.

2023లో అమెరికాలోని నెబ్రాస్కా విశ్వవిద్యాలయం వాళ్లు చంటిపిల్లల ఆహారం పెట్టే డబ్బాలను మూడు నిమిషాలు మైక్రోవేవ్‌లో వేడి చేశారు. కొన్నింటిలో చదరపు సెంటీమీటరుకు 40 లక్షలకు పైగా ప్లాస్టిక్ సూక్ష్మరేణువులు, వాటికంటే చిన్నవైన నానోరేణువులు 200 కోట్లకు పైగా ఊడివచ్చాయి. పోసింది మన పులుసు కూడా కాదు, నీళ్లు, పలచని ఆమ్లం. ఆ డబ్బాలు పాలీప్రొపిలీన్‌వి, అంటే త్రికోణంలో 5 అంకె ఉండే, అందరూ ‘ఇది మంచిది’ అనే రకం. ఓవెన్ లేనివాళ్లూ మురిసిపోనక్కర్లేదు. కాగితపు కప్పులో 100 మిల్లీలీటర్ల వేడి నీళ్లు 15 నిమిషాలుంటే, లోపలి ప్లాస్టిక్ పొర నుంచి 25,000 దాకా రేణువులు రాలతాయని ఐఐటీ ఖరగ్‌పూర్ 2020లో లెక్క తేల్చింది.

ఇవి ఒంట్లో ఎంత చెరుపు చేస్తాయో ఇంకా పరిశోధిస్తున్నారు, నిజమే. అది తేలేదాకా తినే వంతు మాత్రం మనది.

నేను స్టీలు క్యారియర్ పట్టుకెళ్తున్నాను, వేడి చేయాలంటే గాజు గిన్నెలోకి మార్చుకుంటున్నాను. ఇంతా చేస్తే మా వీధి చివరి హోటలు బిల్లులో డబ్బా ఖర్చు వేస్తూనే ఉంది. గిన్నె నాదే కదయ్యా అంటే, ‘కంప్యూటర్లో అలాగే ఉంది సార్’ అంటాడు.