రోబో పోటీలో ముందు గేటు, తర్వాతే కెమెరా

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి లాంటి చోట్ల లైన్ ఫాలోయర్ పోటీ, అంటే నేల మీది గీత వెంట రోబోలు పరుగెత్తే పోటీ పెడితే ఒడిశా పిల్లలే కాదు, ఇటు పార్వతీపురం, పాతపట్నం పిల్లలూ రావచ్చు. రెండు రోబోల మధ్య తేడా పావు సెకనే అయితే స్టాప్‌వాచ్‌ను నమ్మలేం. నొక్కే మనిషి స్పందనకే దాదాపు అంత సమయం పడుతుంది. తగువు పుట్టేదీ అక్కడే, అదీ తెలుగు, ఒడియా, హిందీ మూడు భాషల్లో. అందుకే చేతిలో ఉన్న కాస్త డబ్బూ ఏఐ కెమెరా మీద కాకుండా, ముగింపు గీత దగ్గర పెట్టే ఇన్‌ఫ్రారెడ్ గేటు మీద ఖర్చుపెట్టాలి. కంటికి కనబడని కిరణాన్ని రోబో కోసిన క్షణాన్ని అది పట్టుకుంటుంది.

గేటుకు కావలసినవి కొద్దే: ఒక పక్క ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) ఎల్‌ఈడీ, ఎదురుగా సెకనుకు 38 వేల సార్లు మినుకుమనే కిరణాన్నే పట్టుకునే 38 కిలోహెర్ట్జ్ రిసీవర్, సమయం లెక్కేసే ఆర్డునో అనే చిన్న కంట్రోలర్ బోర్డు. చిక్కు వచ్చేది రిసీవర్ దగ్గరే. బజారులో తేలిగ్గా దొరికే టీఎస్‌ఓపీ 1738 రిసీవర్‌ను చేసింది టీవీ రిమోట్ల కోసం. కిరణం ఆగకుండా పడుతుంటే దాన్ని అది రొదగా లెక్కేసి వదిలేస్తుంది. రోబో రాకుండానే గేటు తెగినట్టు చూపిస్తుంది. కాబట్టి సిగ్నల్‌ను ఇరవై సైకిళ్ల (మినుకుల) చొప్పున ముక్కలుగా, అంటే పల్సులుగా పంపి, మధ్యలో అంతకు మూడు రెట్లు విరామం ఇవ్వాలి. వరసగా రెండు పల్సులు రాకపోతేనే రోబో దాటినట్టు కోడ్‌లో రాసుకోవాలి. ఈ బాధ లేకుండా కావాలంటే ఇలాంటి పనికే చేసిన టీఎస్‌ఎస్‌పీ 4038 రిసీవర్ తెప్పించుకోవచ్చు. రిసీవర్‌కు నాలుగు సెంటీమీటర్ల నల్లగొట్టం తొడిగి, కిటికీ ఎండకు వీపు పెట్టించాలి. రోబోకు వేలాడే వైరు రెండోసారి కిరణాన్ని కోస్తుంది గనుక మొదటి కోత తర్వాత రెండు సెకన్లు గేటు ఏదీ లెక్కించకూడదు. పవర్‌బ్యాంకు మీద నడిపితే ఇంకో చిక్కు: ఆర్డునో వాడే కరెంటు మరీ తక్కువని కొన్ని పవర్‌బ్యాంకులు వాటంతటవే ఆగిపోతాయి. ముందురోజే గంటసేపు నడిపి చూడాలి.

వీడియో అవసరమే, కానీ సమయం తేల్చడానికి కాదు. సెకనుకు మీటరు వేగంతో పోయే రోబో, సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య 3.3 సెంటీమీటర్లు జరిగిపోతుంది. చెయ్యి తగిలిందా, రోబో గీత వదిలిందా అన్నది మాత్రం వీడియోలో బాగా తెలుస్తుంది. గేటు తెగగానే వెలిగే ఎల్‌ఈడీ ఒకటి ఫ్రేములో ఉంచితే ఏ క్షణం చూడాలో వెతుక్కోనక్కర్లేదు. మన 50 హెర్ట్జ్ దీపాల కింద చారలు పడకుండా షట్టర్‌ను సెకనులో నూరో వంతుకు పెట్టి, ఎక్స్‌పోజర్ లాక్ చేయాలి. సెకనుకు 8 మెగాబిట్ల రికార్డింగు గంటకు 3.6 జీబీ తింటుంది.

కొన్ని సెన్సర్లు, కొన్ని మనుషులు తేల్చే ఈ విభజన పెద్ద పోటీల్లోనూ ఉంది. హైస్కూలు పిల్లల అంతర్జాతీయ పోటీ ఫస్ట్ రోబోటిక్స్ కాంపిటీషన్ 2022 ఆటలో, మధ్యలో ఉండే హబ్ అనే గోల్‌లో పడ్డ బంతుల్ని సెన్సర్లు లెక్కపెట్టాయి. రోబో ఏ కడ్డీకి వేలాడిందన్నది మనుషులే తేల్చారు. అయితే అక్కడ రిఫరీలు వీడియో చూడరన్న నిబంధన చాలా ఏళ్లు నడిచింది. వందల మ్యాచ్‌ల పోటీకి అది సబబే. ఒకే రిఫరీ ఉండే మన పోటీలకు మాత్రం నేను ఒప్పుకోను; ఇక్కడ వీడియో చూడాలి, కానీ మూడు షరతుల మీద. నిర్వాహకుల కెమెరా వీడియోనే చూడాలి, తల్లిదండ్రుల ఫోన్లలోది కాదు. వీడియో చూడమని జట్టు తర్వాతి రోబో గీత మీదికి రాకముందే అడగాలి. జట్టుకు ఒక్కసారే అవకాశం. ఈ మూడు షరతులూ రిజిస్ట్రేషన్ కాగితం మీదే ఒడియాలోనూ తెలుగులోనూ అచ్చువేయించాలి.