సిల్వియా మెండెజ్ ఎవరో మన పిల్లలకి చెబుదాం

అమెరికాలో ఇల్లు కొనాలంటే మనవాళ్ళు ముందు చూసేది స్కూల్ రేటింగే. కిచెన్ చిన్నదైనా సర్దుకుంటాం, ఆఫీసు గంట దూరమైనా పర్లేదు అంటాం, స్కూల్ డిస్ట్రిక్ట్ దగ్గర మాత్రం అస్సలు రాజీ పడం. అలాంటి మనకి, ఒంటిరంగు చూసి ఇంటిపేరు చూసి పిల్లల్ని వేరే స్కూలుకి పంపేసే రోజులు పోవడానికి ముందు వరసలో నిలబడి కొట్లాడినవాళ్ళలో ఒక లాటినో రైతు కుటుంబం ఉందని తెలీకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఫిబ్రవరిలో బ్లాక్ హిస్టరీ మంత్ వస్తే రోసా పార్క్స్ మీద, కింగ్ మీద మన పిల్లలు పోస్టర్లు చేస్తారు, చెయ్యాల్సిందే. మరి ఆ రైతు కుటుంబం, మెండెజ్‌ల పేరు మనలో ఎంతమంది విన్నాం?

రెండో ప్రపంచ యుద్ధం రోజులు, కాలిఫోర్నియా ఆరెంజ్ కౌంటీలో వెస్ట్‌మిన్‌స్టర్ అనే ఊరు. గొంజాలో మెండెజ్ మెక్సికోలో పుట్టాడు, భార్య ఫెలిసితాస్‌ది ప్యూర్టోరికో. జపాన్‌తో యుద్ధమని మునెమిత్సు అనే జపనీస్ కుటుంబాన్ని ప్రభుత్వం అరిజోనా క్యాంపుకి తోలేస్తే వాళ్ళ పొలాన్ని వీళ్ళు కౌలుకి తీసుకుని సాగు చేస్తున్నారు. పిల్లల్ని బళ్ళో వెయ్యడానికి మేనత్త సోలెదాద్ విదౌరి తన పిల్లలతో పాటు మెండెజ్ పిల్లలు ముగ్గుర్నీ తీసుకెళ్ళింది. ఆవిడ పిల్లలు తెల్లగా ఉన్నారు, ఇంటిపేరు కూడా ఫ్రెంచి పేరులా వినిపించింది, సరే చేర్చుకుంటాం అన్నారు. సిల్వియా, తమ్ముళ్ళు చామనచాయ, వీళ్ళు మెక్సికన్ స్కూలుకి పోవాలన్నారు. ఒకే ఇంటి పిల్లలు, ఒకే రోజు, ఒకే కౌంటర్ దగ్గర! ఆవిడ ఒక్కర్ని కూడా చేర్పించకుండా అందర్నీ వెనక్కి తీసుకొచ్చేసింది. నాకు ఈ కథలో అందరికన్నా నచ్చిన మనిషి ఆ మేనత్తే, తన పిల్లలకి దొరికిన సీటు వదులుకుని వచ్చేసింది కదా.

ఆ మెక్సికన్ స్కూలు రెండు గదుల చెక్క షెడ్డు, పక్కనే ఆవుల మేత బీడు, మధ్యలో కరెంటు కంచె, పిల్లలు అన్నం తింటుంటే ఈగలు ముసిరేవి.

1945లో గొంజాలో, ఇంకో నలుగురు తండ్రులు కలిసి నాలుగు స్కూల్ డిస్ట్రిక్టుల మీద కేసు వేశారు, సుమారు 5,000 మంది పిల్లల తరఫున. ఆయన సాక్షుల కోసం ఊళ్ళు తిరుగుతుంటే పొలం పని మొత్తం ఫెలిసితాస్ చూసుకుంది, లాయర్ ఫీజులు కూడా ఆ పంట డబ్బుల్లోంచే. కోర్టులో ఒక సూపరింటెండెంట్ ఈ పిల్లలకి శుభ్రత తెలీదు, తెల్ల పిల్లలతో సమానం కాదు అని సాక్ష్యం చెప్పాడు. వీళ్ళకి ఇంగ్లీషు రాదు కాబట్టే విడిగా పెట్టామన్న వాదనకి జవాబుగా 14 ఏళ్ళ కేరల్ టోరెస్ బోనెక్కి ఇంగ్లీషులోనే సమాధానాలు చెప్పింది. 1946లో జడ్జి మెకార్మిక్ మెండెజ్ వాళ్ళ పక్షాన తీర్పిచ్చాడు, 1947లో అప్పీల్లో కూడా అదే నిలబడింది. ఆ అప్పీల్లో నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ తరఫున మద్దతు వాదన రాసినవాళ్ళలో తుర్గుడ్ మార్షల్ ఉన్నాడు, ఆ ఏడాదే స్కూళ్ళలో వేర్పాటు చట్టాన్ని రద్దు చేస్తూ సంతకం పెట్టిన కాలిఫోర్నియా గవర్నర్ ఎర్ల్ వారెన్. ఏడేళ్ళ తర్వాత, దేశమంతా స్కూళ్ళలో రంగు వేర్పాటు చెల్లదని తేల్చిన బ్రౌన్ కేసు వాదించింది ఆ మార్షలే, అప్పటికి చీఫ్ జస్టిస్ అయి సుప్రీంకోర్టు తీర్పు చదివింది ఆ వారెనే.

ఇదొక్కటే అనుకోకండి. బ్రౌన్ తీర్పుకి రెండు వారాల ముందు, 1954 మే 3న, టెక్సాస్‌లో మెక్సికన్ పేరున్నవాళ్ళని జ్యూరీకి పిలవకపోవడం రాజ్యాంగ విరుద్ధమని హెర్నాండెజ్ కేసులో గెలిచింది కూడా గస్ గార్సియా, కార్లోస్ కదేనా అనే మెక్సికన్ అమెరికన్ లాయర్లే. యుద్ధంలో పొలాలకి మనుషుల్లేక, మెక్సికో నుంచి కూలీల్ని కాంట్రాక్టు మీద తెచ్చుకోవడానికి 1942లో మొదలైన బ్రసేరో ప్రోగ్రాం 1964 దాకా నడిచింది, మొత్తం 46 లక్షల దాకా కాంట్రాక్టులు, ఈ దేశం కంచంలో కూరగాయ పెట్టింది వాళ్ళు.

మనకింకా దగ్గర సంగతి ఉంది. వందేళ్ళ క్రితం ఇంపీరియల్ వ్యాలీకి, యూబా సిటీకి వచ్చిన పంజాబీ రైతులకి తెల్లవాళ్ళని పెళ్ళి చేసుకునే హక్కు లేదు, 1917 వలస చట్టం వల్ల ఇండియా నుంచి పెళ్ళాన్ని తెచ్చుకునే దారీ లేదు. వాళ్ళలో చాలామందికి ఇక్కడ సంసారం ఏర్పడింది మెక్సికన్ ఆడవాళ్ళతోనే. ఇక్కడ మనవాళ్ళ మొదటి కుటుంబాల్లో అమ్మలు, అమ్మమ్మలు మెక్సికన్లన్నమాట.

మరి మన పార్టీల్లో మాట్లాడుకునేదేంటి? రూఫ్ మెక్సికన్లతో వేయించాం, లాన్‌కి ఎంత తీసుకుంటున్నారు, బేరం ఆడితే తగ్గుతారు, అంతే. మన చరిత్రే పిల్లలకి సరిగ్గా రావట్లేదు ఇంక వాళ్ళదెందుకు అని ఒకాయన నాతో అన్నారు. కానీ ఇక్కడ పుట్టిన పిల్లకి వెస్ట్‌మిన్‌స్టర్ కేసు వాళ్ళ చరిత్ర కాదండీ, తన స్కూలు చరిత్రే. పైగా పెళ్ళి సంబంధాల్లో ఇప్పటికీ తెల్లగా ఉండాలి అని రాసే మనకి ఆ కౌంటర్ దగ్గర జరిగింది అర్థం కాకపోతే ఇంకెవరికి అవుతుంది?

సిల్వియా గారికి 2011లో ఒబామా చేతుల మీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడం వచ్చింది. సెప్టెంబర్ 15 నుంచి అక్టోబర్ 15 దాకా హిస్పానిక్ హెరిటేజ్ మంత్, చాలా ఏళ్ళు మన బతుకమ్మ, దసరా హడావుడి కూడా అప్పుడే. ఈసారి మన తెలుగు సంఘం కార్యవర్గం ఆ పండగ స్టేజి మీద ఒక్క పదిహేను నిమిషాలు ఇవ్వాలి, హైస్కూలు పిల్లల చేత మెండెజ్ కేసుని చిన్న నాటికగా వేయిద్దాం, తెలుగులోనే. స్క్రిప్టు నేను రాస్తాను, మేనత్త వేషం ఎవరు వేస్తారో చెప్పండి.