పాత పెన్నీని చింతపండుతో తోమకండి

యూకేలో మనవాళ్లు చాలామంది కార్ బూట్ సేల్‌లోనో చారిటీ షాపులోనో గుప్పెడు పాత పెన్నీలు కొంటారు, ఇంటికి రాగానే చింతపండో నిమ్మచెక్కో పట్టించి మిలమిలా మెరిసేలా తోమేస్తారు. రాగి చెంబుకి అది మంచిదే. నాణేనికి అంతకు మించిన హాని లేదు, దయచేసి మానేయండి.

ముద్ర వేసేటప్పుడు అచ్చు ఒత్తిడికి లోహం పక్కలకు పాకి, కంటికి ఆనని గీతలు పడతాయి. కొత్త నాణేన్ని వెలుతురులో అటూ ఇటూ వంచితే దాని మీద మెరుపు తిరిగేది ఆ గీతల వల్లే. పులుపు ఆ పై పొరను తినేస్తుంది, పీచు కొత్త గీతలు పెడుతుంది. తోమాక వచ్చే మెరుపు వేరే రకం, పాలిపోయిన గులాబీ రంగులో ఉంటుంది, అలవాటున్న డీలర్ చూడగానే పక్కన పెట్టేస్తాడు. పోయిన పొర మళ్లీ రాదు.

ఇక నాణెం ఎంత అరిగిందో చెప్పే గ్రేడ్ల సంగతి. బ్రిటన్‌లో కింది నుంచి పైకి ఫెయిర్, ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్ అంటారు. ఫైన్ అంటే ఎత్తుగా ఉన్న చోట్లన్నీ బాగానే అరిగి, బొమ్మా అక్షరాలూ మాత్రం స్పష్టంగా మిగిలిన నాణెం. ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్‌లో అరుగుదల వెతికితేగానీ కనిపించదు. 1860 నుంచి 1894 దాకా వచ్చిన విక్టోరియా బన్ హెడ్ పెన్నీ (రాణి జుట్టు ముడి వేసుకున్న బొమ్మ ఉన్నది) అయితే ముందు చెవి పైన జుట్టు చూడండి, తర్వాత వెనకవైపు బ్రిటానియా, అంటే బ్రిటన్‌కు గుర్తుగా కూర్చున్న స్త్రీమూర్తి, హెల్మెట్, మోకాలు. ప్లాస్టిక్ డబ్బాలో సీల్ చేసి 70కి ఇన్ని అని నంబరు వేసే అమెరికా పద్ధతి ఇప్పుడు ఇక్కడా ఉంది, కానీ పది రెట్లు పెద్దగా చూపే భూతద్దంతో మీ కంటికి మీరు నేర్పుకోవడమే మేలని నా గట్టి నమ్మకం.

అలా చూడ్డం అలవాటైతే ఎన్ని బయటపడతాయో! 1882 పెన్నీల్లో ఎక్కువ వాటికి సంవత్సరం కింద చిన్న హెచ్ అక్షరం ఉంటుంది, అవి బర్మింగ్‌హామ్‌లో హీటన్ అనే ప్రైవేటు టంకశాల వాళ్లు కొట్టినవి. 1902 పెన్నీల్లో కొన్నిటికి బ్రిటానియా వెనక సముద్రపు గీత కిందకి ఉంటుంది, లో టైడ్ అంటారు, అవి అరుదు. వెండి నాణేలనైతే గీకి చూడక్కర్లేదు, సంవత్సరమే చెప్తుంది: 1920కి ముందు 92.5 శాతం వెండి, 1946 దాకా సగం, 1947 నుంచి మామూలు చిల్లరలో వెండే లేదు. పిల్లలకు మాత్రం 1948, 1949 పెన్నీలు పక్కపక్కన పెట్టి చూపించండి. మొదటిదాంట్లో రాజు పేరు చివర ‘ఇండ్ ఇంప్’, అంటే భారత చక్రవర్తి, అని ఉంటుంది, రెండోదాంట్లో ఉండదు.

మన ఇళ్లలో సావరిన్లకు, అంటే బ్రిటిష్ బంగారు నాణేలకు, కొక్కెం అతికించి గొలుసుల్లో వేసుకున్నవాళ్లున్నారు. ఒక్కోటి 7.98 గ్రాములు, 22 క్యారెట్లు. ఆ అతుకు వల్ల సేకరించేవాళ్లు ఇచ్చే ధర తగ్గుతుంది, బంగారం విలువ ఎటూ పోదు. 1918 నాణెమైతే సంవత్సరానికి కాస్త పైన, నేల గీత మీద చిన్న ‘ఐ’ అక్షరం ఉందేమో చూడండి, అది బొంబాయిలో ముద్రించినది. కొక్కెం ఊడదీయించి పాలిష్ పెట్టించాలన్న ఆలోచన ఉంటే, ముందు ఉన్నది ఉన్నట్టుగా నాణేలు తెలిసినవాళ్లకు చూపించండి.